ముందు రాత్రి బస ఎక్కడో తేల్చుకోండి

ప్రశ్న: మేం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటాం. నేనూ మావారూ ఐటీ ఉద్యోగులం. బాబుకి పదకొండేళ్ళు, పాపకి ఆరు. విజయదశమి అయ్యాక కూడా పిల్లలకు వారం పైన సెలవులున్నాయి. కర్నూలు నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. అందరం మా ఏడు సీట్ల కారులో ఏడు రోజులు తిరిగి రావాలని ఆశ. శనివారం బయల్దేరి శుక్రవారానికి ఇల్లు చేరాలనుకుంటున్నాం. తలా ఒకటి చెబితే జాబితాలో శ్రావణబెళగొళ, హళేబీడు, బేలూరు, చిక్కమగళూరు, హొరనాడు, శృంగేరి, జోగ్, మురుడేశ్వర్, ఉడుపి, ధర్మస్థల, కుక్కే, కూర్గ్ చేరాయి. మావారికి ఘాట్ రోడ్లు, పెద్దవాళ్ళకు గుళ్ళు, పిల్లలకు సముద్రం కావాలి. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, మామయ్యగారికి షుగర్, పాపకి మలుపుల్లో వాంతులు. కారు నడిపేది మావారొక్కరే. నాకు లైసెన్సు ఉంది గానీ హైవే మీద ఎప్పుడూ నడపలేదు. ఇవన్నీ కుదిరేలా ఒక ప్లాన్ చెప్పగలరా? ఇంకో మాట. ఈ ఏడు రోజుల్లో ఒక్క పూట నన్నెవరూ ఏదీ అడగకుండా ఉంటే బాగుండుననిపిస్తోంది. అలా అనుకోవడం తప్పా?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. తప్పు కాదు. పైగా ఆ పూటను, మిగిలితే చూద్దాంలే అని వదిలేయకుండా మొదటే ప్లాన్‌లో రాసిపెట్టండి. ఏ రోజు, ఎక్కడ అన్నది కిందే చెప్తాను.

ఇప్పుడు జాబితా సంగతి. పన్నెండు ఊళ్ళ కాగితం పక్కన పెట్టి, వేరే కాగితం మీద ఆరు గీతలు గీయండి. మీకున్నవి ఆరు రాత్రులు. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో ముందు అది రాయండి. చూడాల్సినవి ఆ తర్వాత వాటంతట అవే సర్దుకుంటాయి. రోజుకో ఊళ్ళో పడుకుంటే రోజూ పొద్దున్నే ఆరుగురి బట్టలు సర్దాలి, బాత్రూముకి వంతులు వేసుకోవాలి, ఛార్జర్లు వెతకాలి, తడి తువ్వాళ్ళు కవర్లలో కుక్కాలి. ఆ పని ఎవరి మీద పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకే చోట రెండు రాత్రులుంటే మధ్యలో ఒక ఉదయం తీరిగ్గా తెల్లవారుతుంది. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉన్న ప్రయాణం బాగుందా లేదా అన్నది చాలావరకు అలాంటి ఉదయాల మీదే ఆధారపడి ఉంటుంది.

నా లెక్కలో మీ ఆరు రాత్రులు ఇవి: చిక్కమగళూరులో రెండు, శృంగేరిలో ఒకటి, ఉడుపిలో రెండు, ధర్మస్థలలో ఒకటి.

శనివారం బయల్దేరకండి. ఆదివారం బయల్దేరి శనివారం తిరిగి రండి. శని, ఆదివారాల్లో చిక్కమగళూరు కొండల మీద సగం బెంగళూరు ఉంటుంది. కాఫీ ఎస్టేట్లలో గదుల రేట్లు పెరుగుతాయి, కొండ రోడ్లపై కార్లు బారులు తీరతాయి. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళంతా కిందికి దిగుతుంటే మీరు పైకి వెళ్తారు. వచ్చేటప్పుడూ అంతే. ఆదివారం సాయంత్రం నెలమంగల దగ్గర బెంగళూరులోకి వచ్చే రద్దీ మీకు తెలిసే ఉంటుంది. శనివారం అంత ఉండదు. ఆదివారం ఇంట్లో బట్టలు ఉతుక్కుని, నిద్రపోయి, సోమవారం ఆఫీసుకు వెళ్ళొచ్చు. అత్తయ్యగారు వాళ్ళని మాత్రం రెండు మూడు రోజుల ముందే రమ్మనండి. కర్నూలు నుంచి వచ్చిన మర్నాడే మళ్ళీ కారెక్కిస్తే ఆ అలసట చివరిదాకా వదలదు.

తీసేసినవాటికి కారణాలు చెప్పాలి కదా. జోగ్ జలపాతం అక్టోబరులో చూసి తీరాల్సిందే, కాదనను. 253 మీటర్ల ఎత్తునుంచి శరావతి నది నాలుగు పాయలుగా పడుతుంది. కానీ అది మీ దారిలో లేదు, బాగా ఉత్తరాన ఉంది. మురుడేశ్వర్ కూడా ఉడుపి నుంచి ఇంకో వంద కిలోమీటర్లు పైకి. ఆ రెండూ కలిపి ఇంకో సెలవులకు ఉంచుకోండి. బెంగళూరు నుంచి తాళగుప్పకు రాత్రి రైలుంది. అక్కడ దిగితే జోగ్ దగ్గరే. కుక్కే సుబ్రహ్మణ్యం అత్తయ్యగారి కోరికే అయ్యుంటుందని నా ఊహ. అక్కడ సర్ప సంస్కారం లాంటి సేవ చేయించాలంటే రెండు రోజులు పడుతుంది. దారిలో అరగంట ఆగి దణ్ణం పెట్టుకునే పని కాదు. పెద్దవాళ్ళిద్దరినీ విడిగా రైల్లో తీసుకెళ్తామని మాటివ్వండి. సకలేశపుర నుంచి సుబ్రహ్మణ్య రోడ్ స్టేషన్ దాకా కొండల్లో యాభైకి పైగా సొరంగాల గుండా దిగుతుంది రైలు. పగటి బండి దొరికితే పిల్లలనూ ఎక్కించండి. కూర్గ్ ఒక వారాంతానికి సరిపోతుంది, ఇందులో కలపొద్దు. హొరనాడు అన్నపూర్ణమ్మ దర్శనం ఒక్కటే నన్నూ ఆలోచింపజేసింది. కానీ ఆ మెలికల దారిలో వెళ్తే పాప సంగతి ఆలోచించండి. చిక్కమగళూరు నుంచి శృంగేరికి నేరుగా వెళ్తే ఆ రోజు సగం మిగులుతుంది. శ్రావణబెళగొళ బాహుబలి 57 అడుగుల ఏకశిల, అద్భుతం. అయితే ఆరువందలకు పైగా మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కాలి. అత్తయ్యగారు కింద కూర్చుని ఎదురుచూడాల్సి వస్తుంది. అందరూ కలిసి చూడలేనిది ఈసారికి వద్దు.

ఇక కారులో ఎవరు ఎక్కడ. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ రోజంతా దీని మీదే నడుస్తుంది. ముందు సీట్లో మామయ్యగారు. మధ్య వరసలో అత్తయ్యగారు తలుపు పక్కన, పాప మధ్యలో, మీరు అటువైపు. వెనక వరసలో బాబు, వాడి పక్కన సామాను. పాపను వెనక కూర్చోబెడితే కుదుపు ఎక్కువగా ఉంటుంది, బయటి దారి కనిపించదు, వాంతి ఖాయం. మధ్యలోనుంచి ముందు అద్దం గుండా దూరంగా రోడ్డు కనిపించాలి. ఘాట్ మొదలవడానికి గంట ముందు నుంచే ఫోను, బొమ్మల పుస్తకం చేతికివ్వకండి. ఖాళీ కడుపూ వద్దు, పాలు నిండిన కడుపూ వద్దు. రెండు ఇడ్లీలు చాలు. వాంతుల మందు ఎంత, ఎప్పుడు వేయాలో మీ పిల్లల డాక్టరును ముందే అడిగి రాసుకోండి. మలుపులు మొదలయ్యాక వేస్తే పనిచేయదు. వెనక సీటుతో సహా అందరికీ బెల్టు తప్పనిసరి.

మామయ్యగారి మాత్రల సంచి డిక్కీలో పెట్టకండి, ఆయన కాళ్ళ దగ్గరే ఉండాలి. ఇన్సులిన్ వాడుతుంటే ఆగిన చోటల్లా దాన్ని వెంట తీసుకుని దిగండి, ఎండలో ఆగిన కారు పొయ్యిలా కాగుతుంది. భోజనం వేళ ఆయనది ఎంతైతే బండి ఆ వేళకు ఆగాలి, మంచి హోటలు ఇంకో ఇరవై కిలోమీటర్లలో ఉందన్న ఆశతో సాగదీయొద్దు. ఒక డబ్బాలో వేయించిన శనగలు, రెండు పళ్ళు, షుగర్ పడిపోతే చప్పరించడానికి గ్లూకోజు ఎప్పుడూ ఉంచండి. పప్పుల పొడి, ఊరగాయ ఎలాగూ కర్నూలు నుంచి వస్తాయి. ఉడుపి వైపు సాంబారులో బెల్లం పడుతుంది. రెండో రోజుకే మామయ్యగారు ఆ సీసా అడుగుతారు.

ఆదివారం తెల్లవారుజామున ఐదుకల్లా గేటు దాటండి. హెబ్బాళ, గొరగుంటెపాళ్య మీదుగా ఊరు దాటడానికి ఆ వేళ తేలిక. ఏడు దాటిందంటే ఊళ్ళోనే ఓపిక అయిపోతుంది. నెలమంగల తర్వాత హాసన్ దాకా వెడల్పాటి నాలుగు వరసల రోడ్డు. ఇక్కడ స్టీరింగు మీరు తీసుకోండి. ఈ ప్రయాణం మొత్తంలో నడపడానికి అన్నిటికంటే తేలికైన ముక్క ఇదే. దానికోసం ముందు రెండు ఆదివారాలు పొద్దున్నే హొసకోటె దాటి కోలార్ రోడ్డు మీద మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని నడపండి. లారీని దాటడం, అద్దాల్లో వెనక చూడటం, టోల్ దగ్గర వరస మారడం, ఈ మూడూ అలవాటైతే చాలు. ఘాట్లు ఆయనకే వదిలేయండి, ఎలాగూ ఆయన కోరుకున్నవి అవే. మీరు రోజుకు ఒక్క గంట నడిపినా ఆయన కళ్ళకు విశ్రాంతి. ఆయనకు హఠాత్తుగా జ్వరమొస్తే కారు కదిపే మనిషి ఇంకొకరున్నారన్న ధైర్యం అందరికీ ఉంటుంది.

హాసన్ నుంచి ముందు హళేబీడు, తర్వాత 16 కిలోమీటర్లలో బేలూరు, అక్కణ్ణుంచి చిక్కమగళూరు పాతిక కిలోమీటర్లు. బేలూరు చెన్నకేశవాలయం 1117లో హొయ్సళ రాజు విష్ణువర్ధనుడు కట్టించింది. మీరెవరైనా ములుగు దగ్గర రామప్ప గుడి చూసి ఉంటే, స్తంభాల పైన వంగి నిలబడిన ఆ మదనికలు గుర్తుకొస్తారు. బేలూరు వాళ్ళు వందేళ్ళ పెద్ద అక్కలు. రామప్పకు 2021లో, ఈ హొయ్సళ ఆలయాలకు 2023లో యునెస్కో గుర్తింపు వచ్చింది. బాబుకి ఒక సంగతి చెప్పండి: ఈ రాయి గనిలోనుంచి తీసినప్పుడు మెత్తగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. అందుకే గొలుసు కట్టు, గోళ్ళు కూడా చెక్కగలిగారు. ఆ తర్వాత వాడే మీకు వెతికి చూపిస్తాడు. మధ్యాహ్నం ఆవరణలో బండలు కాలుతాయి, ఆరుగురికీ మందపాటి సాక్సులు పెట్టుకోండి.

చిక్కమగళూరులో ఎస్టేట్ బస అయితే బుక్ చేసే ముందు ఫోన్ చేసి మాట్లాడండి. ఫొటోలు ఈ సంగతులు చెప్పవు. గేటు నుంచి గదిదాకా కారు వస్తుందా? చివరి రెండు కిలోమీటర్లు మట్టిరోడ్డా, వానపడితే ఆరుగురు కూర్చున్న కారు ఎక్కుతుందా? గదికి మెట్లెన్ని, వెస్టర్న్ టాయిలెట్ ఉందా? రాత్రి భోజనం ఎన్నింటికి, మామయ్యగారికి చపాతీ చేస్తారా? వేడినీళ్ళు ఎప్పుడొస్తాయి? సమాధానాలు విసుగ్గా చెప్పే చోటికి వెళ్ళకండి.

సోమవారం ఉదయమే మీ పూట. మీవారు, బాబు తెల్లారే ముళ్ళయ్యనగిరికి వెళ్తారు. కర్ణాటకలో అదే ఎత్తైన శిఖరం. ఆయనకు కావలసిన మలుపులన్నీ అక్కడున్నాయి, బాబుకి మబ్బుల మీద నిలబడ్డట్టుంటుంది. పైకి వాహనాల నిబంధనలు ఆ వారం ఎలా ఉన్నాయో ఎస్టేట్ వాళ్ళనే అడగండి. పాప అత్తయ్యగారి దగ్గర ఉంటుంది. టిఫిన్ ఆ ఇంటివాళ్ళు పెడతారు. మీరు వరండాలో కాఫీ పట్టుకుని కూర్చోండి, లేదా మళ్ళీ పడుకోండి. ఈ మాట బయల్దేరేముందే ఇంట్లో అందరికీ చెప్పండి: సోమవారం మధ్యాహ్నం దాకా నేను ఎవరికీ ఏదీ అందివ్వను. అత్తయ్యగారు ఏమనుకుంటారోనని జంకకండి. ఆవిడకూ అలాంటి పూట ఎప్పుడూ దొరికి ఉండదు, అర్థం చేసుకుంటారు. సాయంత్రం అందరూ తోటలో నడవండి. అక్టోబరులో కాఫీ కాయలు పచ్చగా, అక్కడక్కడ ఎర్రబడుతూ ఉంటాయి. బాబా బుడన్ అనే ఫకీరు యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి ఈ కొండల్లో నాటాడని చెప్పుకుంటారు. ఆ కథ పిల్లలకు అక్కడే చెప్పాలి. వాన పడి ఉంటే జలగలుంటాయి, ఒక పొట్లంలో ఉప్పు పట్టుకెళ్ళండి.

మంగళవారం నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజు, మీ ఇంటికి ప్రత్యేకమైన రోజు కూడా. చిక్కమగళూరు నుంచి శృంగేరి సుమారు 90 కిలోమీటర్లు, ఆగుతూ వెళ్తే మూడు గంటలు. దారిలో బాళెహొన్నూరు దగ్గర భద్రానది దాటుతారు. అక్కడ కాసేపు ఆగండి. సాయంత్రం శృంగేరిలో తుంగ ఒడ్డున కూర్చుంటారు. ఈ రెండు నదులూ శివమొగ్గ దగ్గర కూడలిలో కలిసి తుంగభద్ర అవుతాయి. ఆ నీళ్ళే మంత్రాలయం మీదుగా మీ మామయ్యగారి కర్నూలు పక్కనుంచి పారి కృష్ణలో కలుస్తాయి. పుట్టినప్పటినుంచీ చూస్తున్న ఏటిని రెండుగా విడదీసి, ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం చూపిస్తారన్నమాట. ఆయనకు ముందుగా చెప్పకండి. బాళెహొన్నూరు వంతెన మీద చెప్పండి. పిల్లలకు మీకంటే ఆయనే బాగా చెప్తారు, తుంగభద్ర వరదల కథలు ఆయన దగ్గర చాలానే ఉంటాయి.

శృంగేరిలో శారదమ్మ దర్శనం, విద్యాశంకరాలయంలో పన్నెండు రాశుల స్తంభాలు, నదిలో పెద్ద పెద్ద చేపలు. చేపలకు బొరుగులు వేస్తుంటే పాప అక్కణ్ణుంచి కదలదు. మఠంలో భోజనం ప్రసాదంగా పెడతారు. నవరాత్రుల్లో అక్కడ గదులు దొరకడం కష్టం. మీరు విజయదశమి దాటాక వెళ్తున్నారు కాబట్టి కాస్త నయం, అయినా ముందే చెప్పిపెట్టుకోండి.

బుధవారం ఉదయం ఆగుంబె ఘాట్ దిగి ఉడుపి, 80 పైచిలుకు కిలోమీటర్లు. పద్నాలుగు ఇరుకైన హెయిర్‌పిన్ మలుపులు. భారీ వాహనాలను అనుమతించరు కాబట్టి కార్లకు సుఖం. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచకుండా రెండో గేరులో దిగమనండి, ఎదురుగా ఎక్కేవాళ్ళకు దారివ్వమనండి. అక్టోబరులో ఈ కొండల్లో మధ్యాహ్నం తర్వాత ఉరుములతో వాన కమ్ముకోవడం మామూలే. కాబట్టి ఏ ఘాట్ అయినా పొద్దున పూటే. చీకటి పడ్డాక ఎంత దగ్గరైనా వద్దు. కొండల్లో సిగ్నల్ పోతుంది, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. దగ్గరదారి అంటూ అది తోటల మధ్యకి మళ్ళిస్తే నమ్మకండి, బస్సు వెళ్ళే రోడ్డే మీ రోడ్డు.

ఉడుపిలో రెండు రాత్రులు పిల్లలవి. పెద్దవాళ్ళకు కృష్ణ దర్శనం, తొమ్మిది రంధ్రాల వెండి కిటికీలోంచి, ఉదయం రద్దీ పెరగకముందే. మిగతాదంతా మల్పె బీచ్, ఇసుక, గోళీ బజె (మన మైసూరు బజ్జీ లాంటిది). సెయింట్ మేరీస్ దీవికి పడవలు సముద్రం శాంతిస్తేనే వేస్తారు. వేస్తే వెళ్ళండి. అక్కడ లావా చల్లారి నిలువు స్తంభాల్లా చీలిన రాళ్ళు బాబు మర్చిపోడు. పడవ ఎక్కడం దిగడం అత్తయ్యగారి మోకాళ్ళకు కష్టం, పెద్దవాళ్ళిద్దరినీ గదిలో విశ్రాంతి తీసుకోనివ్వండి. ఈ ఊళ్ళో లిఫ్టు ఉన్న హోటలే తీసుకోండి, రద్దు చేసుకునే వీలుతో.

శుక్రవారం వంద కిలోమీటర్లలో ధర్మస్థల. దర్శనానికి మగవాళ్ళు చొక్కా తీయాలి, బాబుకి నిక్కరు బదులు పంచో ప్యాంటో వేయండి. మంజునాథుడి దర్శనం, అన్నప్రసాదం అయ్యాక అక్కడే పడుకోండి. దేవస్థానం వసతి గృహాలున్నాయి. మీవారు సాయంత్రమే చార్మాడి ఘాట్ ఎక్కేద్దాం అంటారు, ఒప్పుకోకండి. శనివారం ఉదయం ఎక్కితే ఆ మంచు, ఆ చిన్న జలపాతాలు కనిపిస్తాయి, పైన కొట్టిగెహారలో వేడి నీరుదోస దొరుకుతుంది. చార్మాడిలో వానలకు కొండచరియలు విరిగిపడి దారి మూసేయడం జరుగుతుంటుంది. శుక్రవారం రాత్రే వసతి గృహంలో అడగండి, మూసి ఉంటే శిరాడి ఘాట్ మీదుగా సకలేశపుర రండి. ఆ రోజు 300 కిలోమీటర్లు, అన్నిటికంటే పొడుగు రోజు. హాసన్ దాటాక స్టీరింగు మళ్ళీ మీ చేతికి.

బయల్దేరే ముందు టైర్లు, స్టెప్నీ గాలి, వైపర్లు చూపించండి, ఫాస్టాగ్‌లో డబ్బులు వేయండి. సామాను ఊరికో సంచి చొప్పున సర్దండి, శృంగేరి, ధర్మస్థల ఒక్క రాత్రివే కాబట్టి ఆ రెండింటికీ ఒకే చిన్న సంచి దిగితే చాలు, మిగతా పెట్టెలు కారులోనే ఉంటాయి. దారి చూసే పని బాబుకి, మాత్రల వేళలు మామయ్యగారికే, హోటళ్ళతో ఫోన్లు మీవారికి అప్పగించండి. శనివారం రాత్రికి మాత్రం వంట పెట్టుకోకండి. నెలమంగల టోల్ దగ్గర ఆగినప్పుడు ఇంటి దగ్గరి హోటలుకు ఫోన్ చేసి ఆరుగురికి చెప్పేయండి.